ఎదురు నార

చిత్రిక కింద చెక్క పటపటమని చిట్లింది. దోన్కా చేతులు ఆగేలోపే తలుపు అంచున జానెడు మేర నార లేచి, ఊడీ ఊడని గోరులా వేలాడింది. ఇప్పుడే కదా అడిగింది, వాణ్ణి అడిగే కదా మొదలుపెట్టింది. "ఒరేయ్ రంగెల్, ఇటు నుంచేనా పట్టాలి?" అని నడవలోంచి గట్టిగా అడిగితే, లోపల మంచం మీద తమ్ముడు దిండు మీద తలని అటూ ఇటూ తిప్పాడు, ఆమెకి బాగా కనిపించాలన్నట్టు మళ్ళీ మళ్ళీ తిప్పాడు. అటూ ఇటూ అంటే అవునని, పైకీ కిందికీ అంటే కాదని. త్రియావ్నాలో పాలు మరవని పిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది, బల్గేరియాలో పుట్టిన ఏ తలైనా అలాగే ఊగుతుంది. కాబట్టి వాడు అవునన్నాడు, ఆమె పట్టింది, చెక్క చీలింది. జీవితమంతా చెక్కతోనే బతికినవాడు, కళ్ళు మూసుకుని అరచేత్తో ఒకసారి నిమిరి నార ఎటు వాలి ఉందో చెప్పేసేవాడు, తాను పుట్టిన ఇంటి తలుపు దగ్గర తప్పు చెప్తాడా? చెప్పడు. బ్లేడు మొద్దుబారి ఉంటుంది. లేకపోతే ఈ దిక్కుమాలిన వానలకి చెక్క నాని ఉంటుంది. లేకపోతే, ఇంకేముంది, చేతకానితనం, స్కూలు వంటింట్లో గరిటె తిప్పిన చేతులకి చిత్రిక ఎక్కడ అబ్బుతుంది.

తలుపు రెండు స్టూళ్ళ మీద అడ్డంగా పడుకుని ఉంది, బందుల్లోంచి ఎత్తి తీసేసిన తలుపు. అది లేని ద్వారబంధంలోంచి లోపలి గది మొత్తం కనిపిస్తోంది, ఇనప మంచం, మంచం మీద దుప్పటి కింద రంగెల్, కిటికీ పక్కన మునిసిపాలిటీ వాళ్ళు ఇచ్చిన చక్రాల కుర్చీ. ఆ కుర్చీ వచ్చిన రోజు నుంచీ గది దాటలేదు. గడప అంత ఎత్తు, తలుపు సగం తెరుచుకుని నేలకి పట్టేస్తుంది, కుర్చీ దూరదు. అమ్మ బతికున్నప్పటి నుంచీ అది అలాగే పట్టేస్తోంది, భుజంతో తోస్తే కిర్రుమని ఏడ్చి తెరుచుకునేది, ఎవరూ బాగు చెయ్యలేదు. ఇప్పుడు దోన్కా పూనుకుంది. పోయిన వారం ఉలీ సుత్తీ పట్టుకుని గడపని ముక్కలు ముక్కలుగా కొట్టి తీసేసింది, అమ్మ ఉంటే గుండెలు బాదుకునేది, గడప మీద కూర్చుంటేనే తిట్టేది. దాని చోట పలచటి చెక్క వేసింది, ఉలి జారిన చోటల్లా గోడకీ ద్వారబంధానికీ పడ్డ గాయాలకి రంపపు పొట్టు జిగురులో కలిపి లప్పంలా పెట్టింది, రంగు కలవని చోట అక్రోటు పప్పుతో రుద్దింది. గీతలకి అక్రోటు పప్పు రుద్దడం వాడి దగ్గర చూసిందే. తలుపు కింద నేలకి పట్టేసే మేర రంపంతో కోసేసింది, ఇక పక్క అంచు కాస్త చిత్రిక పడితే తలుపు బారుగా తెరుచుకుంటుంది, కుర్చీలో వాణ్ణి అరుగు మీదికి తోసుకెళ్ళి ఎండలో కూర్చోబెట్టవచ్చు. ఇదంతా వాడి కోసం. వాడు ఇక్కడే ఉంటానన్నాడు కదా, అందుకని.

మధ్యాహ్నం లోపు ఫోన్ వస్తుంది. గాబ్రోవోలో మంచాన పడ్డవాళ్ళని చూసుకునే ఆ హోము నుంచి, అక్కడ ఒక మంచం ఖాళీ అయింది, ఎలా ఖాళీ అవుతుందో ఎవరికి తెలీదు, పోయిన సోమవారం ఖాళీ అయిందని ఆ హజీఎవా అనే ఆవిడ ఎంతో మర్యాదగా చెప్పింది. ఇదివరకు ఒకసారి వద్దన్నారు, అయినా మళ్ళీ అడుగుతున్నాం, మీ తమ్ముడుగారిలాంటి కేసు కాబట్టి, ఆలోచించుకుని చెప్పండి, ఈసారి కాదంటే చలికాలం అంతా మేం ఏమీ చెయ్యలేం. ఇందులో ఆలోచించేది ఏముంది. వాడు ఉంటానన్నాడు. దోన్కా లేచిన నారని వేలితో కిందికి నొక్కింది, పలచగా ఉంది, విరగలేదు, అతుక్కుంటుంది. జిగురు డబ్బా తీసి అగ్గిపుల్లతో చీలిక లోపలికంటా పూసి, పాత దుప్పటి గుడ్డ మడిచి పైన పెట్టి, రెండు చేతుల బొటనవేళ్ళతో నొక్కి పట్టుకుంది. బిగింపులు వాడి పెట్టెలో ఉన్నాయి కానీ ఏవీ ఈ అంచుకి అందవు. జిగురు పట్టేదాకా ఇలా కూర్చోవలసిందే. చేతులు ఊరుకున్నాక మనసు ఊరుకోదు, అదే ఆమెకి గిట్టనిది, అందుకే ఎప్పుడూ ఏదో ఒక పని కల్పించుకుంటుంది.

"ఏమే దోన్కా, ఇల్లు కడుతున్నావా, పడగొడుతున్నావా?"

పక్కింటి పేనా. అడగకుండానే లోపలికి వచ్చేస్తుంది, ఈ వీధిలో అందరూ అంతే, కానీ పేనాకి వయసు కూడా పైబడింది కాబట్టి తుడుచుకోని చెప్పులతో వస్తుంది. చేతిలో గుడ్డ కప్పిన గిన్నె, కాల్చిన మిరపకాయల వాసన.

"రెండూ" అంది దోన్కా, వేళ్ళు తియ్యకుండా.

"అబ్బో, రంగెల్ చూస్తున్నాడు చూడు, కళ్ళు మండిపోతున్నాయి వాడికి. వాడి చిత్రిక ముట్టుకుంటే సొంత తండ్రినే కసిరేవాడు. ఏరా రంగెల్, అక్క బాగా చేస్తోందా?" పేనా ద్వారంలోంచి తల దూర్చి అరిచింది, నోరు పడిపోయినవాడికి చెవులు కూడా పడిపోయాయని ఆవిడ నమ్మకం. లోపలి నుంచి ఏ కదలికా లేదు. ఆవిడ గొంతు తగ్గించింది. "హోము వాళ్ళకి ఏం చెప్తావే?"

"ఏముంది చెప్పడానికి. వెళ్ళనన్నాడు."

"నోటితోనా?"

"నోరెక్కడిది అత్తా, తలతో."

పేనాకి నవ్వొచ్చింది. ఆవిడ చెడ్డది కాదు, నవ్వొస్తే ఆపుకోలేదు, చావింట్లో కూడా నవ్వుతుంది. "ఆ తలతోనా? ఆ జర్మనీ తలతోనా? గుర్తుందా, వాడు అక్కణ్ణుంచి తిరిగొచ్చిన కొత్తలో సారాకొట్టు దగ్గర, ఇంకో రకియా పొయ్యనా అంటే కిందికీ పైకీ ఊపాడు, వాళ్ళు గ్లాసు పట్టుకుపోయారు, గంటసేపు ఎండిన నోటితో కూర్చుని చివరికి బూతులు అందుకున్నాడు. నీ తలని అక్కడే మరిచిపోయి వచ్చావట్రా అంటే ఏమన్నాడో తెలుసా, అవునత్తా, కొరియర్‌లో వస్తుంది అన్నాడు." గిన్నె కిటికీ గట్టు మీద పెట్టి తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది, నవ్వుకి వచ్చిన నీళ్ళో ఏవో. "పాపం, ఎంత సరదా మనిషి. మిరపకాయలు వేడిగా ఉన్నప్పుడే తిను" అని వెళ్ళిపోయింది.

వేళ్ళ కింద గుడ్డలోంచి జిగురు ఊరుతోంది. పేనా మాటకి అర్థం లేదు. సారాకొట్టు సంగతి నిజమే కానీ అది కొత్తలో, తర్వాత వాడు సర్దుకున్నాడు, ఎంతకాలం ఏ దేశంలో ఉన్నా పుట్టినచోటికి వస్తే తల మామూలుగా ఊగక ఏం చేస్తుంది. సర్దుకున్నాడా? ఎండాకాలం అంతా అరుగు మీద పనిచేసుకుంటూ, అక్కా కాఫీ ఉందా, అక్కా సుత్తి అందుకో, నోటితోనే మాట్లాడేవాడు, తల ఊపే అలవాటే మానేశాడు. ఎందుకు మానేశాడు, ఎటు ఊపాలో నమ్మకం లేకనా? మొదటి ఏడాది ఆ జర్మనీ మేస్త్రీ దగ్గర పడ్డ పాట్లు చెప్తుంటే నవ్వీ నవ్వీ ఆమెకి పొలమారింది. పరంజా కట్లు బిగించావా అని మేస్త్రీ అడిగితే వీడు అడ్డంగా ఊపాడట, అవునని. మేస్త్రీ గుండె జారి అందర్నీ కిందికి దింపేశాడట, రోజంతా పని ఆగిపోయిందట, సాయంత్రం వీణ్ణి నిలబెట్టి తిట్టాడట. "ఇక ఆ రాత్రి నుంచీ అద్దం ముందు నిలబడి నేర్చుకున్నానక్కా, అక్షరాలు దిద్దినట్టు. అవును, కిందికీ పైకీ. కాదు, అటూ ఇటూ. మెడ నొప్పెట్టేది. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా జర్మనీ వాడిలాగే ఊపుతాను." నిద్రలో లేపి అడిగినా. వాడు ఇప్పుడు ఎందులో ఉన్నాడు, నిద్రలోనా, మెలకువలోనా? పక్షవాతంతో సగం శరీరం నిద్రపోయింది, మాట నిద్రపోయింది, మెదడులో ఏ అర మూసుకుపోయింది, ఏ అర తెరుచుకుని ఉందో డాక్టర్లకే తెలీదు. అర్థం చేసుకుంటాడు, కానీ జవాబులు నమ్మలేం అని ఆసుపత్రిలో ఆ కుర్ర డాక్టరు అన్నాడు. నమ్మలేం అని ఎందుకన్నాడు? ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊపుతున్నాడు, ఆగండాగండి అన్నట్టు మళ్ళీ మార్చి ఊపుతున్నాడు, మతి నిలవడం లేదు అన్నాడు.

నీళ్ళు కావాలా అంటే కిందికీ పైకీ ఊపేవాడు, ఆమె గ్లాసు పక్కన పెట్టేసేది, అప్పుడు గబగబా అడ్డంగా ఊపేవాడు, కళ్ళు పెద్దవి చేసి. సరే సరే అని తాగించేది. చంటిపిల్లల చేష్టలు అనుకుంది. తర్వాత అడగడమే మానేసింది, వేళకి నీళ్ళు, వేళకి సూప్, వేళకి మందు, అడిగితే కదా తంటా. దోన్కాది మొదటి నుంచీ అడిగే తత్వం కాదు, చేసే తత్వం. అమ్మకీ అలాగే చేసింది. అమ్మని అడిగి ఉంటే ఏమనేదో.

ఆసుపత్రిలో నర్సు వంగి అడగలేదూ, నొప్పిగా ఉందా, ఇంజెక్షన్ చెయ్యమంటారా అని. వాడు ఊపాడు. కిందికీ పైకీ. మెల్లగా, గట్టిగా, దిండు నలిగేలా. నొప్పి లేదంటున్నాడు, ధైర్యవంతుడు అని నర్సు దోన్కా వైపు చూసి మెచ్చుకోలుగా నవ్వి ట్రే పట్టుకుని వెళ్ళిపోయింది. దోన్కా కూడా నవ్వింది. వాడి కంట్లోంచి నీళ్ళు చెవిలోకి కారాయి, ఆమె తుడిచింది, నన్ను చూసి ఏడుస్తున్నాడు వెర్రినాయన అనుకుంది. ఇప్పుడు తలుపు మీద వంగి, చెక్కని నొక్కి పట్టుకుని ఉండగా, దోన్కాకి ఆ నీళ్ళు గుర్తొచ్చాయి. కాదు. ఒక చెక్కముక్క చీలినందుకు ఇంత ఊహించుకోవడం ఏమిటి. బ్లేడు మొద్దుబారింది, అంతే.

అంతేనా? చూస్తే తెలిసిపోతుంది కదా. వేళ్ళు తీసింది. జిగురు పట్టింది, గుడ్డ లాగితే నార కూడా రాలేదు, గీత మాత్రం మిగిలింది, దానికి తర్వాత అక్రోటు రుద్దవచ్చు. ఆమె లేచి తలుపుకి అటు వైపు వెళ్ళి నిలబడింది, చిత్రిక రెండో కొస మీద ఆనించింది. ఇలా ఎందుకు చేస్తున్నట్టు, అడగకుండానే పట్టవచ్చు కదా. పిల్లి వీపు మీద బొచ్చులాగ నార ఒకవైపే వాలి ఉంటుందక్కా, అటు నిమిరితే ఊరుకుంటుంది, ఎదురు నిమిరితే లేస్తుంది అని వాడే అన్నాడు, ఇక మిగిలింది ఇటు ఒక్కటే. కానీ నోరు ఊరుకోలేదు.

"ఇటు నుంచా?"

రంగెల్ ఆమెనే చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో. గడ్డం గుండెకి ఆనేలా తల కిందికి వంచాడు, పైకెత్తాడు. మళ్ళీ వంచాడు, ఎత్తాడు. త్రియావ్నాలో ఇది కాదని. దోన్కా చిత్రికని తోసింది. చెక్క చప్పుడే చెయ్యలేదు, పట్టు రిబ్బనులా పొడవాటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ చేతి మీంచి జారి నేల మీద పడింది, ఇంకోసారి తోసింది, ఇంకో చుట్ట, ఎంత సుఖంగా ఉందో తోస్తుంటే, వాడు ఇన్నేళ్ళూ ఈ సుఖం కోసమే కాబోలు బతికాడు. బ్లేడు మొద్దుబారలేదు. చెక్క నానలేదు. వాడి మతి పోలేదు. వాడు కాదంటే కాదు, అవునంటే అవును, తేడా అంతా తలది.

చిత్రిక పక్కన పెట్టింది. పట్టుకోవడానికి ఇంకేదీ లేక తలుపునే పట్టుకుంది. అయితే ఆ రోజు. ద్రాక్షలు కోసే రోజులు, కిటికీ తెరిచి ఉంది, వాడికి గడ్డం గీసి, తడి తువ్వాలుతో మొహం తుడిచి, బాగా ఆలోచించుకునే అడిగింది, ఒరేయ్ రంగెల్, నన్నొదిలి ఆ హోముకి వెళ్తావా అని. అలాగే అడిగింది, నన్నొదిలి అని. వాడు చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత కిందికి వంచాడు, పైకెత్తాడు. మెల్లగా. సిగ్గుపడుతూ ఒప్పుకున్నట్టు. ఆమె వాడి చేతిని ముద్దుపెట్టుకుని, ఏడుపు ఆగక, ఏప్రాన్ కొస నోట్లో కుక్కుకుని పరుగెత్తుకెళ్ళి ఫోన్ చేసింది, వెళ్ళనంటున్నాడండీ, అక్కని ఒదలనంటున్నాడు. ఆ తర్వాత వాడి తల ఇంకేం చేసిందో ఆమె చూడలేదు. చూడటానికి ఆగలేదు.

ఆగితే? నిజంగా తెలీకేనా ఆగలేదు? తలుపు అంచుని వేలితో రాస్తూ దోన్కా ఇక దాక్కోలేకపోయింది. అమ్మ పోయాక, పాతిపెట్టిన మర్నాడు వచ్చాడు వాడు, సూట్‌కేసు నిండా చాక్లెట్లతో, అమ్మ మలమూత్రాలు ఎత్తిన చేతులకి చాక్లెట్లు. భోజనం పెట్టి అడిగింది, మళ్ళీ వెళ్తావా. కిందికీ పైకీ ఊపాడు. వెళ్ళడు అనుకుని సంబరపడిపోయింది, చిక్కుడు గింజల సూప్ పెద్ద కుండతో వండింది, వాడి గదికి సున్నం వేయించింది. వారం తిరిగేసరికి వాడు సూట్‌కేసు సర్దుతుంటే గుమ్మంలో నిలబడిపోయి, వెళ్ళనన్నావు కదరా అంటే, వెళ్తాననే కదక్కా చెప్పాను అన్నాడు, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, అప్పుడు వాడికి నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు. కాబట్టి ఆమెకి తెలుసు. ఆ తల ఎటు ఊగితే ఏమిటో త్రియావ్నాలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు, ఒకసారి దెబ్బ తిన్నది. తెలిసి కూడా, తనకి కావలసిన జవాబు ఏ దేశపు లెక్కలో వస్తుందో ఆ లెక్కలోనే చదువుకుంది.

వాడికి ఇక్కడ ఏం బాధ, ఏం తక్కువ చేసింది? ఒళ్ళు తుడవడం. అదే. రోజూ పొద్దున్న దుప్పటి తీయగానే వాడు కళ్ళు గట్టిగా మూసుకుంటాడు, ఒక్క ఎడమ చేత్తోనే దుప్పటిని లాగి పట్టుకుంటాడు, ఆమె వేలు వేలూ విడదీసి తీస్తుంది, ఒరేయ్ నేనేరా, నీ ముడ్డి కడిగి పెంచినదాన్నే అని నవ్విస్తూ. చిన్నప్పటి నుంచీ చొక్కా లేకుండా అక్క ముందుకి రాని మనిషి. హోములో మగ నర్సులు ఉంటారని హజీఎవా చెప్పింది, అది వాడు వింటుండగానే ఆమె గట్టిగా తిరిగి చెప్పింది, చూశావా మగాళ్ళట, మొరటు చేతులు అని. అప్పుడు వాడి కళ్ళలో ఏదో వెలిగింది. భయం అనుకుంది. ఎంత సులువుగా అనుకుంటుందో. వాడు ఒదిలిపోవాలనుకుంటున్నది ఇంటిని కాదు, ఊరిని కాదు, ఆమె చేతుల్ని.

నిజం చెప్పాలంటే, ఇప్పుడు ఎవరికి చెప్పాలి, తనకే, వాడు పడిపోయిన రోజున అరుగు మీద చెక్కల మధ్య వాణ్ణి చూసి మొదట గుండె ఆగిపోయింది, తర్వాత ఆసుపత్రిలో ప్రాణానికి భయం లేదు కానీ నడవడు అని డాక్టరు చెప్పినప్పుడు, ఏడుస్తూనే, ఆ ఏడుపు అడుగున ఎక్కడో, ఇక ఎక్కడికీ వెళ్ళలేడు అని ఒక మాట మెదిలింది. అది దుఃఖం కాదు. ఏళ్ళ తరబడి ఒక్క కంచం కడుక్కున్నది. చలికాలం సాయంకాలాలు పొయ్యిలో కట్టె చిటపటలు తప్ప ఇంకో చప్పుడు లేని ఇల్లు. ఇప్పుడు పక్క గదిలో ఇంకో ఊపిరి ఉంది, గురక ఉంది, దాన్ని వింటూ పడుకుంటుంది. దాన్ని గాబ్రోవో పంపించేస్తే ఈ నున్నటి తలుపుని ఏం చేసుకోవాలి.

అయినా అడగాలి. సరిగా అడగాలి, ఈసారి ఏ దేశానికీ చెందని పద్ధతిలో. లోపలికి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. వాడి ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుంది, ఇంకా బలం ఉన్న చెయ్యి అది, అరచేతి నిండా ఉలి కాయలు.

"ఒరేయ్, తల వద్దు. చేత్తో చెప్పు. ఇక్కడ ఉంటావా, నా దగ్గర? ఉంటానంటే నొక్కు."

చెయ్యి అలాగే ఉంది. వెచ్చగా, కదలకుండా. ఆమె ఆగింది. వాన చూరు మీంచి కారుతోంది. ఇంకా ఆగింది, వినలేదేమో అని. విన్నాడు, కళ్ళు ఆమె మీదే ఉన్నాయి, పొద్దున్న ఒళ్ళు తుడిచేటప్పుడు మూసుకునే కళ్ళు ఇప్పుడు రెప్ప వెయ్యడం లేదు.

"హోముకి వెళ్తావా?"

నొక్కాడు. వెంటనే నొక్కాడు, ప్రశ్న పూర్తి కాకముందే, జిగురు ఎండి బిగుసుకున్న ఆమె వేళ్ళు నొప్పెట్టేలా, ఎముకలు ఒకదానికొకటి తగిలేలా. వదల్లేదు. నెలల తరబడి ఈ మాట కోసమే దాచుకున్న బలమంతా ఆ చేతిలో ఉంది. నోరు తెరిచి ఏదో చప్పుడు చేశాడు, మాట కాదు, అయినా దోన్కాకి అర్థమైంది, అక్కా అని.

"సరే" అంది. "సరేరా. అలాగే. ఇప్పుడే ఫోన్ చేస్తారు, చెప్తాను." వాడి నుదుటి మీద జుట్టు పక్కకి తోసింది. వాడి మొహం ఎంత తేలికపడిందంటే, ఇంత అందగాడా వీడు, మరిచేపోయింది. ఆ మొహం చూసి ఆమె కూడా తేలికపడింది, అవును, పంపించేస్తుంది, ఆదివారం ఆదివారం బస్సులో వెళ్తుంది, పేనా మిరపకాయలు పట్టుకెళ్తుంది, గడ్డం గీసిన, చొక్కా తొడిగిన తమ్ముడి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, వాడు కళ్ళు మూసుకోడు. లేచి నడవలోకి వచ్చింది, తలుపు మీద పడ్డ పొట్టుని చేత్తో దులిపింది, అప్పుడే ఫోన్ మోగింది.

"దోన్కా గారా? నేనండీ, హజీఎవాని. ఏం నిర్ణయించుకున్నారు?"

నోరు తెరిచింది. వస్తున్నాడండీ అనాలి, ఒక్క మాట, అంతే. నడవ కొసన వంటిల్లు కనిపిస్తోంది, బల్ల మీద బోర్లించిన రెండు కంచాలు, రెండు చెంచాలు, కిటికీలో వాన. ఈ ఫోన్ పెట్టేశాక ఒకటి తీసి బీరువాలో పెట్టాలి. ఈ సాయంత్రం. రేపు సాయంత్రం. మంచు పడ్డాక. దోన్కా తల తనకి తెలీకుండానే కిందికీ పైకీ ఊగింది.

"హలో, వినిపిస్తోందా? ఫోన్‌లో నాకు కనిపించదు కదండీ" అంది అవతల గొంతు, నవ్వుతూనే.

"అడిగానండీ" అంది దోన్కా. "వద్దంటున్నాడు."

"ఓ. స్పష్టంగానే చెప్పారా? ఆయన పరిస్థితిలో ఒక్కోసారి..."

"స్పష్టంగానే చెప్పాడండీ. చేత్తో నొక్కి మరీ చెప్పాడు."

"అయితే సరే. ఈ చలికాలం ఇక మావల్ల కాదు, మీకు తెలుసు కదా. వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నాను."

"తెలుసండీ. ఇచ్చేయండి. చాలా థాంక్సండీ."

ఫోన్ పెట్టేసింది. అప్పుడు గుర్తొచ్చింది, గదికీ నడవకీ మధ్య తలుపు లేదని. అటు చూడలేదు. చూడకుండానే మంచం ఎటుందో, వాడి కళ్ళు ఎక్కడున్నాయో వీపుకి తెలుస్తోంది. ఏదో చెప్పాలి, చలికాలం పోయాక చూద్దాంరా, ఇంకో మంచం ఎప్పుడో ఖాళీ అవుతుంది కదరా, నోట్లో కూడబలుక్కుంటోంది, ఇంతలో మొదలైంది. ఇనప పట్టీ మీద ఎముక తగిలిన చప్పుడు. వాడి ఎడమ చెయ్యి. ఒకసారి, ఆగి ఒకసారి, తర్వాత ఆగకుండా, పిడికిలితో, మంచం గోడకి తగిలి కదిలేలా. నోటి నుంచి ఏమీ రావడం లేదు, చెయ్యి ఒక్కటే కొడుతోంది.

దోన్కా స్టూళ్ళ మీంచి తలుపుని ఎత్తింది. బరువు, ఒంటరిగా మోసేది కాదు, అయినా ఛాతీకి ఆనించుకుని, మోకాలితో తోసుకుంటూ ద్వారం దాకా తెచ్చింది. తలుపు చాటున మొహం దాగింది, అదీ మంచిదే. కింద ఓ చెక్కముక్క దూర్చి, ఎత్తి, పై బంది మేకులో కూర్చోబెట్టి, కింది దాన్ని పాదంతో సర్దింది, ఠక్కుమని దిగింది. చెయ్యి ఇంకా కొడుతూనే ఉంది. ఆమె పిడి పట్టుకుని మెల్లగా లాగింది. అమ్మ కాలం నుంచీ నేలకి పట్టేసి, కిర్రుమని ఏడ్చిన ఆ తలుపు, ఎక్కడా తగలకుండా, ఏ చప్పుడూ చెయ్యకుండా మూసుకుంది.